పిక్కల మీద మానని గడ్డలకు కళ్లె పరీక్ష ఒక్కటే చాలదు: శ్రీకాకుళం, విజయనగరం వైద్య యంత్రాంగానికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్యారోగ్య అధికారులకు, క్షయ నియంత్రణ సిబ్బందికి, ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులకు, ఊళ్లలో అందరికంటే ముందు రోగిని చూసే ఆర్‌ఎంపీలకు, మందుల షాపుల వారికి నమస్కారం.

టీబీ రోగుల కోసం ఇల్లిల్లూ తిరుగుతున్న ఆశా కార్యకర్తల, ఏఎన్‌ఎంల కష్టం మాకు తెలుసు. దగ్గు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం అడిగి రాసుకుంటున్నారు, మంచిదే. అయితే దగ్గూ లేక, కళ్లే రాక, కాలి మీద మాత్రమే క్షయ జాడ కనబడే రోగులు ఈ రెండు జిల్లాల్లో ఉన్నారు. వారి సంగతి ఇంతకుముందే అర్జీగా రాసి ఇచ్చాం. రసీదు ముట్టింది గాని జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

సంగతి క్లుప్తంగా ఇది. పిక్కల వెనక నొప్పి గడ్డలు లేస్తాయి. కొన్ని పగిలి పుండ్లవుతాయి. నెలల తర్వాత మచ్చ పడి మానతాయి, పక్కనే కొత్తవి లేస్తాయి. రోగి ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తుంది. నరాలు ఉబ్బాయని నొప్పి సూది వేస్తాడు. తర్వాత బోదకాలేమోనని మాత్రలు. ఆపైన పట్నంలో రక్తనాళాలు చూసే డాప్లర్ స్కానింగు, బిగుతు మేజోళ్లు. ఏళ్లు గడిచాక ఎవరో చర్మ వైద్యులు క్షయ అనుమానించి పంపితే, అక్కడ కళ్లె పరీక్ష చేసి "నెగటివ్, టీబీ లేదు" అని రాసి వెనక్కి పంపేస్తున్నారు. మా అభ్యంతరమంతా ఆ చివరి మెట్టు దగ్గరే. కళ్లె నెగటివ్ అయితే ఊపిరితిత్తుల సంగతి కొంత తెలుస్తుందేమో గాని, కాలి గడ్డ సంగతి దాంతో తేలదు.

1. ఇది కొత్త జబ్బు కాదు. ఫ్రాన్సు చర్మ వైద్యుడు ఎర్నెస్ట్ బాజాఁ 1861లోనే దీన్ని వర్ణించాడు. కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టింది 1882లో. అంటే క్రిమిని ఎవరూ చూడకముందే, రోగి మెడలో గ్రంథులు, కాళ్ల మీద గడ్డలు కలిపి చూసి ఒక వైద్యుడు సంబంధం పట్టుకోగలిగాడు. దీనికి ఎరిథీమా ఇండ్యురేటమ్ అని పేరు. చర్మం కింది కొవ్వు పొరలో వాపు వస్తుంది, ఆ పొరలోని చిన్న సిరలు, ధమనుల గోడలు దెబ్బతింటాయి, రక్తం అందక కొవ్వు చచ్చిపోతుంది. గడ్డ పగలడానికి కారణం అదే. ఇదే కోవలో ఫ్లెబైటిక్ ట్యూబర్‌క్యులిడ్ అని ఇంకొకటి ఉంది. అందులో మోకాలి కింద, కాలి లోపలివైపు సిర వెంబడే తాడులాగా గట్టిపడి, మధ్యమధ్య ముడులు తగులుతాయి. అది సాధారణంగా పగలదు. వేలితో పైనుంచి కిందికి నిమిరితే ఆ ముడులు వరసగా చేతికి తెలుస్తాయి. పడుకోబెట్టి, రెండు కాళ్లూ మోకాలి పైదాకా చూపించమంటే పరీక్ష రెండు నిమిషాల పని. చీర అంచు కొద్దిగా పైకెత్తించి చూసి మందు రాసేస్తే పిక్క వెనక భాగం ఎవరి కంటా పడదు.

2. గడ్డలో క్రిమి దొరకకపోవడం ఈ జబ్బు లక్షణమే. వీటిని ట్యూబర్‌క్యులిడ్‌లు అంటారు. శరీరంలో ఎక్కడో, మెడ గ్రంథిలోనో ఊపిరితిత్తిలోనో, లేదా స్కానింగులకు కూడా అందనంత చిన్న చోటో, క్షయ ఉంటుంది. దాని మీద శరీరం చూపే తీవ్రమైన ఎదురుదాడి కాలి చర్మంలో బయటపడుతుంది. నిప్పు ఒకచోట, పొగ ఒకచోట. గడ్డ ముక్కను మైక్రోస్కోపులో చూసినా, ఆరు వారాలు కల్చర్ పెట్టి (క్రిమిని పెంచి) చూసినా సాధారణంగా క్రిమి రాదు. పీసీఆర్ పద్ధతిలో కొందరిలో జన్యు పదార్థం మాత్రం దొరుకుతుంది. కాబట్టి క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు పాజిటివ్ వస్తేనే మందులిస్తామని నియమం పెట్టుకుంటే ఈ రోగులకు మందు ఎప్పటికీ అందదు. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం అలాంటి నియమం పెట్టనే లేదు. క్రిమి రుజువు కాకపోయినా ఎక్స్‌రే, బయాప్సీ (ముక్క పరీక్ష), రోగ లక్షణాలు చూసి వైద్యుడు క్షయ అని నిర్ణయించి పూర్తి కోర్సు మొదలుపెడితే, దాన్ని 'క్లినికల్‌గా నిర్ధారించిన కేసు'గా నమోదు చేయడానికి మార్గదర్శకాల్లో చోటుంది. ఊపిరితిత్తులకు బయటి క్షయ కింద చర్మం అని రాయడానికీ వీలుంది. ఉన్న వీలును వాడమనే మేం అడుగుతున్నాం.

3. మన జిల్లాల్లో ఇది ఇతర జబ్బులతో కలిసిపోవడానికి కారణాలున్నాయి. బోదకాలు ఇక్కడ తరతరాలుగా ఉంది. కుష్ఠు ఉంది. గంటల తరబడి బురదలో వంగి ఉభాలు చేసేవారికి, జీడి పరిశ్రమలో, జనపనార మిల్లులో కదలకుండా పనిచేసేవారికి సిరలు ఉబ్బడం మామూలు. కాబట్టి తేడా పట్టుకునే పద్ధతి కొంచెం విడమరిచి చెబుతాం.

సిరలు ఉబ్బి వచ్చే పుండు ఎక్కువగా చీలమండ లోపలివైపు, కొద్దిగా పైన, ఒకటే పెద్దదిగా ఉంటుంది. చుట్టూ చర్మం నల్లబడుతుంది. రోగిని నిలబెడితే మెలికలు తిరిగిన సిరలు కనబడతాయి. ఎరిథీమా ఇండ్యురేటమ్‌లో పిక్క వెనక, కింది భాగాన, తరచు రెండు కాళ్లకూ, వేర్వేరు దశల్లో ఉన్న గడ్డలుంటాయి: ఒకటి ఎర్రగా కొత్తది, ఒకటి పగిలినది, ఒకటి గుంటపడి మచ్చగా మారినది. చలికాలంలో ఎక్కువవుతాయి. రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు.

ముంగాలి ఎముక మీద వచ్చి, పగలకుండా మూడు నుంచి ఆరు వారాల్లో వాటంతటవే తగ్గేవి ఎరిథీమా నోడోసమ్ గడ్డలు. వాటికి గొంతు ఇన్‌ఫెక్షన్, కొన్ని మందులు కారణం కావచ్చు, క్షయా కావచ్చు. వాటినీ తేలిగ్గా వదలకూడదు.

బోదకాలులో కాలు మొత్తం వాస్తుంది, గజ్జల్లో బిళ్లలు కడతాయి, జ్వరంతో వచ్చిపోతుంటుంది. విడివిడి గడ్డలు దాని తీరు కాదు. కుష్ఠు రియాక్షన్‌లో గడ్డలు ముఖానికీ చేతులకూ కూడా వస్తాయి, కొద్ది రోజుల్లో మాయమవుతాయి, నరాలు లావెక్కి ఉంటాయి, స్పర్శ లేని మచ్చలుంటాయి. మోచేయి దగ్గర నరాన్ని తడిమి చూడటం, దూదితో స్పర్శ చూడటం మానేయకండి.

పిక్క మీద గడ్డలన్నీ క్షయ వల్లే వస్తాయని మేం అనడం లేదు. ఇదే రూపంలో క్షయతో సంబంధం లేకుండా వచ్చేవీ ఉన్నాయి, హెపటైటిస్ సి లాంటి కారణాలూ ఉన్నాయి. అందుకే పరీక్షలు వరసగా, సరిగా జరగాలంటున్నాం.

4. పరీక్షకు ముక్క సరిగా తీయకపోవడం వల్ల చేజారుతున్న కేసులు ఎక్కువ. ఇక్కడ అసలు తప్పు లోతు చాలకపోవడం. జబ్బు ఉన్నది కొవ్వు పొరలో. మూడు, నాలుగు మిల్లీమీటర్ల పంచ్‌తో (గుండ్రంగా కోసే పరికరం) తీస్తే చర్మం వస్తుంది, కొవ్వు తెగి లోపలే ఉండిపోతుంది. "ప్రత్యేక లక్షణాలు లేని వాపు" అని రిపోర్టు వస్తుంది. రోగికి కుట్లు మిగులుతాయి, సమాధానం ఉండదు. చేయవలసింది ఇలా: పాత పుండు అంచు కాకుండా, ఇంకా పగలని, గట్టిగా నొప్పిగా ఉన్న గడ్డను ఎంచుకోవాలి. మత్తు సూది వేసి, సెంటీమీటరుకు తగ్గకుండా కండె ఆకారంలో కోసి, కొవ్వు దాకా పూర్తి మందంతో తీయాలి. ముక్కను రెండు చేయాలి. ఒకటి 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండేలా వేసి పాథాలజీకి. రెండోది స్టెరైల్ సెలైన్‌లో సీబీనాట్‌కు, కల్చర్‌కు. రెండు ముక్కలూ ఒకే ఫార్మలిన్ సీసాలో వేసి పంపడం మేం తరచు చూసే పొరపాటు. ఫార్మలిన్ క్రిమిని చంపేస్తుంది, ఆ ముక్క ఇక కల్చర్‌కు పనికిరాదు.

పంపే కాగితం మీద "కాలి గడ్డ" అని రెండు మాటలు రాస్తే చాలదు. ఎన్నాళ్లుగా, పిక్క వెనకా ముందా, పగిలిందా లేదా, మాంటూ (క్షయకు చేసే చర్మ పరీక్ష) ఎంత, స్టెరాయిడ్ వాడారా, అన్నీ రాయాలి. కొవ్వు లోబుల్స్‌లో వాపు ఉందా, రక్తనాళం గోడ దెబ్బతిందా, గ్రాన్యులోమాలు (వాపు కణాల ముద్దలు), కేసియస్ నెక్రోసిస్ (జున్నులా చచ్చిన కణజాలం) ఉన్నాయా అని స్పష్టంగా అడగాలి. పాథాలజిస్టు ఆ దృష్టితో మరికొన్ని కోతలు చూస్తారు.

మోకాలి కింద కోసిన గాయం ఆలస్యంగా మానుతుంది. షుగర్ చూసుకుని, పాదం మీద నాడి అందుతుందో లేదో చూసుకుని చేయాలి. కుట్లు సుమారు రెండు వారాలు ఉంచాలి. మరునాడే పొలానికి వెళ్లొద్దని రోగికీ, ఇంట్లోవారికీ చెప్పి పంపాలి.

5. మాంటూ పరీక్షను ఏదో ఒకటి చేశామన్నట్లు చేస్తున్నారు. ముంజేతి లోపలివైపు చర్మంలోనే, కిందికి పోకుండా, 0.1 మిల్లీలీటరు వేయాలి. వేసినచోట చిన్న తెల్లటి బుడిపె లేవాలి. లేవకపోతే మందు లోపలికి పోయినట్టే, మళ్లీ చేయాలి. 48 నుంచి 72 గంటల్లోపు చదవాలి. ఎరుపును కాదు, గట్టిదనాన్ని చేయి అడ్డంగా స్కేలుతో కొలిచి మిల్లీమీటర్లలో రాయాలి. "పాజిటివ్" అన్న ఒక్క మాటతో మాకు ఏమీ తెలియదు. మందు సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచకపోతే ఫలితం తప్పుతుంది. శుక్రవారం వేసి సోమవారం రమ్మంటే, కాస్త ఆలస్యమైనా ఆ 72 గంటలు దాటిపోతాయి. దూరం పల్లెల వారికి సోమవారమో మంగళవారమో వేయడం మేలు.

ఈ జబ్బులో మాంటూ చాలా బలంగా వస్తుంది, 15 మిల్లీమీటర్లు దాటడం, బొబ్బ లేవడం కూడా జరుగుతుంది. అయినా దాని మీదే ఆధారపడకూడదు. 2019–21లో జరిగిన జాతీయ క్షయ సర్వేలో 15 ఏళ్లు దాటిన వారిలో సుమారు 31 శాతం మందిలో క్షయ క్రిమి సోకిన గుర్తులున్నాయి. వాళ్లందరికీ క్షయ జబ్బు లేదు. లక్షణం, బయాప్సీ, మాంటూ మూడూ ఒక మాట చెప్పినప్పుడే చికిత్స. వాటితోపాటు ఛాతీ ఎక్స్‌రే, మెడా చంకల్లో గ్రంథులు, హెచ్‌ఐవీ, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), లివర్ పరీక్ష తప్పవు.

6. ఆర్‌ఎంపీలకు, మందుల షాపుల వారికి ప్రత్యేకంగా విన్నవిస్తున్నాం. డెక్సా సూది వేసినా, బెట్నసోల్ మాత్ర ఇచ్చినా గడ్డ రెండు రోజుల్లో చప్పబడుతుంది. రోగి సంతోషిస్తుంది. మళ్లీ అదే కావాలని వస్తుంది. లోపల దాగి ఉన్న క్షయ ఆ స్టెరాయిడ్ నీడలో పెరిగి ఊపిరితిత్తుల్లోకి, గ్రంథుల్లోకి, మెదడు పొరల్లోకి కూడా పోవచ్చు. షుగర్, బీపీ, ముఖం ఉబ్బడం సరే సరి. పుండు కదా అని లీవోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్ ఇవ్వడం ఇంకో ప్రమాదం. ఇవి రెండూ మొండి క్షయకు దాచుకోవలసిన మందులు. కొద్ది రోజులు వాడితే పుండు కాస్త తగ్గినట్టుంటుంది, నిర్ధారణ వెనకబడుతుంది, లోపలున్న క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. లీవోఫ్లాక్సాసిన్, క్షయ మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినదానికి వేరే రిజిస్టరు రాసి మూడేళ్లు ఉంచాలి. ఆ రిజిస్టర్లు తెరిచి చూసే అధికారం ఉన్నవాళ్లు చూడాలి.

కుష్ఠు అనుకుని నేరుగా ఎండీటీ (కుష్ఠుకు కలిపి ఇచ్చే మందులు) మొదలుపెట్టడమూ ప్రమాదమే. అందులో రిఫాంపిసిన్ నెలకోసారే. లోపల చురుకైన క్షయ ఉంటే ఆ క్రిమికి రిఫాంపిసిన్ మీద తిరగబడటం నేర్పినట్టవుతుంది.

7. ఉద్దానం సంగతి విడిగా చెప్పాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు మేం చెప్పనక్కర్లేదు. కాలి గడ్డకు నెలల తరబడి డైక్లోఫెనాక్ సూదులు వేయించుకునే మనిషి ఆ మండలాలదే అయితే, కాలి నొప్పి తగ్గించబోయి కిడ్నీలను కోల్పోయినట్టే. క్రియాటినిన్ చూడకుండా ఒక్క నొప్పి మాత్ర కూడా వద్దు.

క్షయ మందుల విషయంలోనూ అంతే. మామూలు రోగికి బరువును బట్టి నాలుగు మందులు కలిసిన మాత్రలు రోజూ రెండు నెలలు, తర్వాత ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ కలిసిన మాత్రలు నాలుగు నెలలు. 45 కిలోల మనిషికి రోజుకు మూడు మాత్రలు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రోజూ ఇవ్వవచ్చు గాని పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ వారానికి మూడుసార్లే ఇవ్వాలి. కలిపి చేసిన మాత్రతో అది కుదరదు. విడి మందులు కావాలి. ఇథాంబ్యుటాల్ ఎక్కువైతే చూపు పోతుంది, రంగులు తేడా తెలియకపోవడంతో అది మొదలవుతుంది. విడి మందులు దొరకవన్న కారణంతో అదే మాత్ర ఇచ్చేయడమో, అసలు ఇవ్వకపోవడమో, రెండూ రోగికి నష్టమే.

"పదిహేను రోజులు వాడి చూద్దాం" అనేది కూడా ఆగాలి. ఐసోనియాజిడ్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టడమూ ఆగాలి. గడ్డలు కొందరిలో నెల రోజుల్లో చప్పబడతాయి, కొందరిలో మూడు నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో ఆపితే తిరిగి వస్తాయి. ఒకటి రెండు కొత్త గడ్డలు మొదటి వారాల్లో లేచినంత మాత్రాన మందు పనిచేయట్లేదని అనుకోకూడదు. గర్భం రాకుండా మాత్రలు వాడే ఆడవాళ్లకు రిఫాంపిసిన్ వాటి బలాన్ని తగ్గిస్తుందని ముందే చెప్పి వేరే పద్ధతి సూచించాలి. ఈ మాట చెప్పే చోటు మాకు చాలా తక్కువగా కనబడుతోంది.

8. నమోదు చేయకపోతే ఇంటికి జరిగే నష్టం ఎంతో చూడండి. క్షయ రోగుల ప్రభుత్వ నమోదు పోర్టల్ నిక్షయ్‌లో పేరెక్కితే నెలకు 1,000 రూపాయల పోషణ సాయం వస్తుంది. 2024 నవంబరుకు ముందు అది 500. ఆరు నెలలకు 6,000. కూలి పోగొట్టుకుని కూర్చున్న మనిషికి అది బియ్యం, గుడ్లు, పప్పు. పేరెక్కకపోతే అదీ లేదు, ఉచిత మందూ లేదు, హెచ్‌ఐవీ, షుగర్ పరీక్షలూ లేవు. ఇంకా ముఖ్యమైనది: ఈ గడ్డల రోగి దగ్గర నుంచి ఇతరులకు కాలి ద్వారా క్షయ అంటదు, కానీ ఆమెకు అంటించినవారు అదే ఇంట్లో దగ్గుతూ ఉండవచ్చు. అత్తగారో, తండ్రో, మనవడిని ఎత్తుకు తిరిగే తాతో. నమోదైన వెంటనే సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజరు ఇంటికి వెళ్లి అందరి ఎక్స్‌రే, కళ్లె చూస్తే ఆ మనిషి దొరుకుతాడు. నమోదు కాకపోతే ఎవరూ ఆ గడప తొక్కరు.

కాలికి మచ్చలున్నాయని పెళ్లి సంబంధాలు వెనక్కి పోవడం, అంటుజబ్బని కంచం వేరు పెట్టడం కూడా జరుగుతున్నాయి. "చర్మం మీది జబ్బు అంటదు, కంచం గ్లాసు వేరు అక్కర్లేదు" అని తెల్ల కోటు వేసుకున్నవాళ్లు ఇంట్లోవారి ముందు ఒక్కసారి గట్టిగా చెబితే చాలావరకు తగ్గుతుంది.

మా డిమాండ్లు:

ఒకటి. బయాప్సీ, మాంటూ, లక్షణాలు కలిసిన కేసును చర్మ వైద్యుడు గాని జనరల్ ఫిజీషియన్ గాని రాసిస్తే, కళ్లె, సీబీనాట్ నెగటివ్ అన్న కారణంతో తిప్పి పంపకూడదని రెండు జిల్లాల టీబీ యూనిట్లన్నిటికీ లిఖిత ఆదేశం ఇవ్వాలి. తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాసి, సంతకం పెట్టి రోగి చేతికివ్వాలి.

రెండు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక రోజైనా లోతైన చర్మ బయాప్సీ తీసే ఏర్పాటు ఉండాలి. ఫార్మలిన్ సీసా, సెలైన్ సీసా, నింపవలసిన కాగితం కలిపి ఒకే కిట్‌గా పెట్టాలి. నమూనా బండి కళ్లెతోపాటే దీన్నీ తీసుకెళ్లాలి.

మూడు. విడి క్షయ మందులు, ముఖ్యంగా పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్, ఉద్దానానికి దగ్గరగా నిల్వ ఉండాలి. డయాలసిస్ చేసేచోట క్షయ విభాగం సిబ్బంది ఫోను నంబరు గోడ మీద ఉండాలి.

నాలుగు. ఇంటింటి సర్వేలో ఆశాలు అడిగే ప్రశ్నల్లో ఒకటి చేర్చాలి: "పిక్కల మీద ఆరు వారాలు దాటిన గడ్డలు గాని మానని పుండ్లు గాని ఉన్నాయా?" బోదకాలు మాత్రలు పంచే రోజుల్లో ఎలాగూ ప్రతి ఇంటికీ వెళ్తారు, ఆ రోజే అడగవచ్చు.

అయిదు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో పుండుకు సెలైన్‌తో కడిగి కట్టే సామగ్రి అందుబాటులో ఉండాలి. పాదం నాడి అందిన తర్వాతే బిగుతు కట్టు కట్టాలని సిబ్బందికి చేసి చూపించాలి. నాడి అందని కాలికి బిగుతుగా కడితే కాలు పోవచ్చు.

ఆరు. హెచ్1 రిజిస్టర్ల తనిఖీ ఫలితం మూడు నెలలకోసారి బయటపెట్టాలి.

రోగులకు, వారి ఇళ్లవారికి ఒక మాట. ఇలాంటి గడ్డలు ఆరు వారాలు దాటితే సూది వేయించుకోవడం ఆపి, మీరు వాడిన మందుల చీటీలన్నీ పట్టుకుని చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ చాలాకాలంగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానేయకండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పి వారు చెప్పినట్టు తగ్గించుకోండి. కాలు దిండు మీద ఎత్తు పెట్టి పడుకోండి. తిరస్కరించి పంపితే ఆ కాగితం అడిగి తీసుకోండి. నిక్షయ్ ఉచిత ఫోను 1800-11-6666.

చలికాలంలో గడ్డలు ముదురుతాయి కాబట్టి, అది మొదలయ్యేలోపు మొదటి డిమాండు మీద ఆదేశం రావాలని కోరుతున్నాం. మిగతా వాటి మీద ఏది ఎప్పటికి చేస్తారో తేదీతో సహా లిఖితపూర్వకంగా జవాబివ్వండి. వైద్యులకు, ల్యాబ్ సిబ్బందికి బయాప్సీ, మాంటూ శిక్షణ ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం, అందుకు భత్యం ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
చర్మవ్యాధులు, క్షయ చికిత్సలో పనిచేస్తున్న వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు